కుడి పక్క బరువు

మా బావ జలంధర్ ఆ చలికాలం దోహాకు వచ్చింది దేశం చూడడానికి కాదు. ఊళ్ళో పంచాయతీ ఎన్నికలు వచ్చాయి కనుక వచ్చాడు. ఎన్నికల ప్రకటన వెలువడితే లైసెన్సున్న ఆయుధాలను పోలీసు ఠాణాలో అప్పగించాలన్నది మన దగ్గర నియమం. ఊరు అన్ని కాలాల కంటె వేడెక్కి ఉండే నెలలోనే, ఆత్మరక్షణకని ప్రభుత్వం అనుమతించిన రివాల్వరు తిరిగి ప్రభుత్వం బీరువాలోకి వెళ్ళిపోతుంది. బావది జగిత్యాల పక్క ఊరు, విత్తనాల దుకాణం. ఓదెలు అనే రైతు హత్య కేసులో ఆయన సాక్ష్యం చెప్పాడు. నిందితుడు రాజలింగానికి యావజ్జీవ శిక్ష పడింది. ఆ తరువాత రాజలింగం తమ్ముడు బస్టాండులో కొడవలితో బావ భుజం మీద వేటు వేశాడు. అప్పటినుంచి ఆరేళ్ళుగా బావ నడుముకు రివాల్వరు లేకుండా గడప దాటలేదు.

“ఉత్త నడుముతోని ఊర్ల ఉండేకంటె నా దగ్గరికి రా అన్నా. ఓట్లు అయినంక పో” అని నా భార్య సునంద ఫోనులో పోరి పోరి ఆయనను రప్పించింది.

అప్పటికి దోహాలో తవ్వని రోడ్డు లేదు. ఫుట్‌బాల్ ప్రపంచకప్పు కోసం స్టేడియాలు సగం లేచి, ఇనుప చువ్వలతో ఆకాశాన్ని గీరుతూ నిలబడ్డాయి. వాటిలో ఒకదానికి సలహాలిచ్చే సంస్థలో నివేదికల భాష సరిచూడడం నా పని. అనవసరమైన వాక్యాన్ని గుర్తుపట్టి కొట్టేయడమే నాకు కూడుపెట్టే విద్య. ఇంటికి వస్తే పుస్తకాలు, తలుపు వేసిన గది. చుట్టాలు వస్తారంటే నాకు లోలోపల దిగులు. బావ మాత్రం ఆ దిగులుకు చోటివ్వని అతిథి. గట్టిగా మాట్లాడడు, టీవీ పెట్టడు, గోడకు ఆనిన కుర్చీలో తలుపు కనబడేటట్టు కూర్చుని గంటల తరబడి పత్రిక చదువుకుంటాడు.

రెండు మూడు రోజులకు ఆయన కూర్చునే తీరు నా కంట పడింది. ఎప్పుడూ కుడి పక్కనే గోడకు ఆనిస్తాడు. మా కూతురు అమ్ము ఎనిమిదేళ్ళది. వెనకనుంచి వచ్చి ఆయన నడుము చుట్టూ చేతులు వేయబోతే చటుక్కున తిరిగి, దాన్ని ఎడమ సంకకు ఎత్తుకుంటాడు. ఒక ఉదయం ఉప్మా తింటుండగా దాని రంగు పెన్సిలు బల్ల కిందికి దొర్లింది. బావ దానికోసం వంగలేదు. వెన్ను నిటారుగా ఉంచి, మోకాళ్ళ మీద నెమ్మదిగా కూర్చుని తీశాడు. లేచేటప్పుడు కుర్చీ చేతికి తగులుకుని చొక్కా అంచు ఒక్క క్షణం పైకి లేచింది. కుడి తుంటి వెనక, బెల్టుకు, ముదురు గోధుమరంగు తోలు ఒర కనబడింది. అందులో బరువుగా ఏదో ఉంది.

చెంచా పళ్ళెంలో పెట్టేశాను.

సునంద అమ్మును బడి బస్సు ఎక్కించడానికి కిందికి వెళ్ళేదాకా ఆగి, బావను బాల్కనీలోకి పిలిచాను.

“బావా, మీ నడుముకు ఏముంది?”

“ఏం లేదు.”

“నాకు కనబడింది.”

ఆయన ముఖం చిన్నబోయింది. “కనబడ్డదా? కనబడ్డదంటె నాదే తప్పు. ఆరేండ్లల నా పెండ్లానికి తప్ప ఎవ్వలకు కనబడనియ్యలే.”

“బావా, ఇది జగిత్యాల కాదు. ఈ దేశంలో లైసెన్సుల మాట లేదు. నా ఉద్యోగం, మా నివాసం, పిల్ల చదువు...” నా గొంతు లేచింది.

“ఒర్రకు బావా.” ఆయన తలుపు దగ్గరికి వేసి, చొక్కా ఎత్తి, బెల్టు మీది ఒర గుండీ విప్పి నా అరచేతిలో ఒక వస్తువు పెట్టాడు. చల్లగా, బరువుగా ఉంది. పాత ఇనుప తాళంకప్ప.

“సామాను ఠాణల ఉంది. గిది దుకాణం తాళం. తూచి చూసిన, బరువు దానంతనే ఉంటది” అన్నాడు. రివాల్వరును ఆయన సామాను అనే అంటాడు.

“ఎందుకు?”

“అది లేకపోతె నడుస్తుంటె ఒక్కదిక్కు ఒరిగిపోతున్నట్టు అయితది. కుడి పక్క ఖాళీ అయిపోయి పానం నిలవది. నిద్ర గూడ పడ్తలేదు.”

నవ్వాలో కోప్పడాలో తెలియలేదు. “దీన్ని ఇక్కడ తీసేయండి బావా. ఎవరైనా చూస్తే?”

“చూస్తె ఏముంది? తాళం.”

“తాళం చూసేదాకా ఎవరూ ఆగరు.”

ఆ మాట ఆయనకు తగిలింది. కింద తవ్విన రోడ్డు వైపు చూశాడు. “నిజమే. నడుము కాడ బరువు చూసినంక ఎవ్వడు ఆగుతడు? సరే బావా. ఇంట్లనే పెట్టుకుంట. గడప దాటితె తీస్త” అన్నాడు. ఆయన మాట ఇస్తే మాటే. నేను నమ్మాను.

ఆ శుక్రవారం నజ్మాలో కూరగాయలకు వెళ్ళాం. ఇరుకు సందులో ఒక పెద్ద బండి వెనక్కి వచ్చి, బావ కాలి బొటనవేలికి జానెడు దూరంలో ఆగింది. డ్రైవరు అద్దం దించి, వెనక నిలబడింది ఈయన తప్పయినట్టు, నోటికి వచ్చిన బూతులన్నీ హిందీలో తిట్టాడు. బావ రెండు చేతులూ జోడించి, “గల్తీ హోగయీ భాయ్, మాఫ్ కరో” అన్నాడు. వాడు ఇంకా రెండు తిట్లు తిట్టి వెళ్ళిపోయాడు.

సునందకు ఒళ్ళు మండింది. “తప్పు వానిది! దండం పెట్టుడేంది అన్నా? ఊర్ల నిన్ను చూస్తె పులి అంటరు. ఇక్కడ పిల్లి లెక్క అయితివి.”

“ఊర్ల గూడ గిట్లనే ఉంట బిడ్డా. నీకు తెల్వదు.”

చిన్న హోటల్లో టీ ముందు పెట్టుకుని ఆయన చెప్పుకొచ్చాడు. ఆయన అంతసేపు మాట్లాడడం నేను వినడం అదే మొదలు.

“నడుముకు సామాను కట్టుకున్నోడు లొల్లి గెలువద్దు. లొల్లి అయ్యే తావుకు పోవద్దు. పోతె, మొదలు తప్పయిందని సామాను ఉన్నోడే అనాలె. ఎందుకంటె మాట మీద మాట పెరిగితె, ఆఖరుకు నా దగ్గర ఒక్కటే జవాబు ఉంటది. గది మాటకు చెప్పే జవాబు గాదు.” గ్లాసు తిప్పాడు. “సర్కారు కాగితం ఇచ్చింది. కాగితం ఎంత అల్కగుంటదో గిది అంత బరువు. పెండ్లిలల్ల కల్లు ముట్టలే. గుడి లోపలికి పోక ఎన్నేండ్లాయె. సామానుతోని పోవద్దు, ఇంకొకని చేతిల పెట్టి పోవద్దు. బయటినుంచే దండం. ఇంట్ల తూటలు ఒక పెట్టెల, అది ఒక పెట్టెల, రెండు తాళాలు. గురి నేర్పిన హవల్దారు మొదటి దినమే చెప్పిండు. ముందలున్నోన్ని ఎవ్వడన్న చూస్తడు జలంధర్, వాని ఎనుక ఎవ్వలున్నరో చూసినంకనే చెయ్యి కదపాలె అని.”

“ఎప్పుడన్న చెయ్యి కదిలిందా అన్నా?” సునంద మెల్లగా అడిగింది.

“లే. గదే నా గొప్ప. ఇంకేం గొప్ప లేదు.”

పక్క బల్ల దగ్గర మెట్‌పల్లి పక్క కూలీలు నలుగురు పరోటాలు తింటున్నారు. వాళ్ళలో ఒకడు బావను తేరిపార చూసి, ఫోను తీసి ఎవరికో ఏదో పంపాడు. ఆ సంగతి అప్పుడు నేను పట్టించుకోలేదు.

రెండు రోజుల తరువాత ఆఫీసులో ఉండగా నాకు ఫోను వచ్చింది.

“సుధాకర్‌రావు సారేనా? నేను తిరుమల్‌ను సార్. రాజలింగం కొడుకును. స్టేడియం కాడ స్కాఫోల్డింగ్ పని, సారువ కట్టుడు. జలంధర్ మీ ఇంట్ల ఉన్నడట గదా.”

నేను ఫోను పట్టుకుని ఆఫీసు వరండాలోకి నడిచాను.

“భయపడకుండ్రి సార్. కొట్టుడుకు గాదు. ఆయనను ఒక్క మాట అడగాలె. శుక్రవారం మాకు డ్యూటీ లేదు. ఏషియన్ టౌన్‌కు తోలుకరాండ్రి.”

ఇంట్లో చెప్పగానే సునంద తల అడ్డంగా ఊపింది. “వద్దు. వాని చిన్నాయిననే గదా నిన్ను నరికింది. విమానం ఎక్కేదాక ఇంట్లనే ఉండు.”

బావ మాత్రం ఊళ్ళో పిల్లవాడి యోగక్షేమం విన్నట్టు విన్నాడు. “వాడు దుబాయ్‌కి పోయిండని విన్న. ఇక్కడనే ఉన్నడా?” అన్నాడు. మా ఊళ్ళలో గల్ఫ్ దేశాలన్నీ దుబాయే. తరువాత, “పోదాం బావా” అన్నాడు.

“నీకేమన్న పిచ్చా?” సునంద గొంతు పెరిగింది. “నజ్మల ఏం జెప్పినవ్? లొల్లి అయ్యే తావుకు పోవద్దనలేదా?”

“సామాను ఉన్నన్ని దినాలు పోవద్దు. గది నా రూలు. గందుకే ఆరేండ్లు వాళ్ళ వాడ మొకాన పోలే. వాళ్ళింట్ల సావయినా పోలే. ఇప్పుడు సామాను లేదు గదా. ఉత్త చేతులోన్ని. ఇప్పుడు పోవచ్చు, మాట్లాడొచ్చు, తిడితె పడొచ్చు.”

“ఉత్త చేతులుంటేనే గదా వాడు చంపేది!”

“ఈ దేశంల చంపి ఏడికి పోతడు సునందా? వాని పాసుపోర్టు కంపెనీ చేతుల ఉంటది” అని ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేదు. వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు మీద మీద పడేటట్టు కడిగింది.

శుక్రవారం మధ్యాహ్నం బయలుదేరాం. పారిశ్రామిక వాడ దాటాక గాలిలో సన్నని ఇసుక లేచింది. ఏషియన్ టౌన్‌లో సెలవు రోజు జనం కిక్కిరిసి ఉన్నారు. నేపాలు, బంగ్లా, కేరళ, తెలంగాణ, ఎవరి భాషలో వాళ్ళు ఫోనుల్లో ఇంటికి అరుస్తున్నారు. టీ దుకాణం బయట ప్లాస్టిక్ బల్లలు, వాటి అవతల ఖాళీ స్థలంలో టెన్నిస్ బంతితో క్రికెట్ ఆట. బావ ఎప్పటిలాగే గోడ కోసం వెతికాడు. గోడ దొరకలేదు. ఆరుబయట కుర్చీలో, వీపును జనానికి ఇచ్చి కూర్చోవలసి వచ్చింది. ఆయన నుదుట చెమట చూశాను. జనవరి గాలికి నేను స్వెట్టరు వేసుకుని ఉన్నాను.

తిరుమల్ వెంట అంజి అనే స్నేహితుడు వచ్చాడు. తిరుమల్‌కు పాతికేళ్ళుంటాయి. ఎండకు మాడిన ముఖం, పని బూట్లు, మందమైన జాకెట్టు. నమస్కారం పెట్టలేదు. బావకు ఎదురుగా కూర్చున్నాడు. అంజి నిలబడే ఉన్నాడు.

“చాయ్ తాగుతవా?” బావ అడిగాడు.

“నీ చాయ్ తాగుడుకు రాలే.”

“సరే.”

“మా అవ్వ నీ దుకాణం కాడికి రెండుసార్లు వచ్చింది. నీకు ఎరుకేనా?”

బావ తలెత్తాడు. “భూమవ్వ వదినెనా? లేదు. నేను చూడలే.”

“నువ్వు చూడలే. ఆమె చూసింది. నీ అంగి కింద బుడిపె చూసి మర్లిపోయింది. లోపటికి వస్తె కాలుస్తవేమో అనుకున్నది.”

“వదినెను నేనెందుకు...” అని ఆగిపోయాడు. ఆరేళ్ళుగా ఎవరికీ కనబడనివ్వలేదనుకున్నది ఒక ముసలామెకు కనబడింది. ఆ సంగతి ఆయన మొహంలో మెల్లగా దిగింది.

“ఏమి అడుగుదామని వచ్చింది?”

తిరుమల్ బల్ల మీదికి వంగాడు. “నాయిన జైల్ల సగమైండు. ములాఖత్‌కు పోతె నోరు తెరవడు. అవ్వ ఆయన కొట్టలే అంటది. ఊరంత కొట్టిండంటది. నేను ఎవ్వలను నమ్మాలె? కోర్టుల చెప్పింది వేరు. నా మొకం చూసి చెప్పు. నువ్వు నీ కండ్లతోని చూసినవా? ఎవ్వలన్న చెప్పుమంటె చెప్పినవా?”

బావ నోరు విప్పబోయాడు.

“నాకే గాదు, అవ్వకు గూడ చెప్పు” అంటూ తిరుమల్ కోపంగా జాకెట్టు లోపలికి చేయి దూర్చాడు.

తరువాత జరిగింది చెప్పడానికి పట్టేంతసేపు కూడా పట్టలేదు. బావ ఎడమచేయి చొక్కా అంచును పొట్ట మీదుగా పైకి లాగింది. కుడిచేయి తుంటి వెనక్కి వెళ్ళింది. బొటనవేలు ఒర గుండీని ఊడదీసింది. కుర్చీ వెనక్కి జరిగింది. అంతా ఒకే కదలికగా, నీళ్ళు పల్లానికి పోయినంత సహజంగా జరిగిపోయింది. ఆయన బొమ్మలా బిగుసుకుపోయాడు. తిరుమల్ వెనక ఒక కుర్రవాడు గాలిలోకి లేచిన బంతి కోసం తల పైకెత్తి మా వైపే పరుగెత్తి వస్తున్నాడు. నేను వాణ్ణి చూశాను. బావ చూడలేదు.

తిరుమల్ చేతిలో ఫోను సగం బయటికి వచ్చి ఉంది.

“అన్నా, తుపాకి!” అంజి కేక పెట్టాడు.

కుర్చీలు పడ్డాయి. టీ దుకాణం ముందు జనం విచ్చిపోయారు. గడప దాటితే తీస్తానని నాకు మాట ఇచ్చిన ఒర ఆయన బెల్టుకే ఉంది. ఆయన మోసం చేయలేదని నాకు ఆ క్షణంలోనే తెలుసు. పొద్దున బట్టలు వేసుకుంటుంటే చేయి దానంతట అదే కట్టుకుని ఉంటుంది.

తిరుమల్ కదలలేదు. పెదవులు మాత్రం తెల్లబడ్డాయి. “కాల్చు” అన్నాడు. “మా అవ్వ చెప్పింది నిజమే. కాల్చు.”

బావ చొక్కా వదిలి, కుడిచేతిని వెనకనుంచి తెచ్చి, రెండు చేతులూ బల్ల మీద వెల్లకిలా పెట్టాడు. “బావా, నువ్వు నా నడుమును ముట్టకు. ఎవ్వలను ముట్టనియ్యకు. వాళ్ళు వచ్చి వాళ్ళే తియ్యాలె” అన్నాడు నాతో.

కాపలావాళ్ళు వచ్చారు. వాళ్ళ వెనకే పోలీసులు.

కూర్చోబెట్టిన గది చిన్నది, చల్లనిది. అధికారి యువకుడు. మర్యాదగా మాట్లాడాడు. ఇంగ్లీషు బాగా వచ్చు, ఈ దేశంలో చాలామందికి లాగే ఉర్దూ కొంత వచ్చు. బల్ల మీద తోలు ఒర, దాని పక్కన తాళంకప్ప. వాటిని చాలాసేపు చూసి నన్ను అడిగాడు: “తుపాకి పెట్టుకునే సంచిలో తాళం ఎందుకు?”

నేను చెప్పాను. వింటూ ఆయన కనుబొమలు ముడిచాడు. ఇలాంటి వింత ఎక్కడా వినలేదన్నాడు. “ఇతను ఆ కుర్రవాణ్ణి బెదిరించడానికి తెచ్చాడా, అలవాటు కొద్దీ తెచ్చాడా, అదే నాకు తెలియాలి. ఎదురుగా ఉన్నవాడే చెప్పాలి” అని తిరుమల్ వైపు తిరిగాడు.

ఒక్క మాట చాలు. చంపుతానన్నాడు అంటే చాలు. బావ ఇక్కడి జైలుకు పోతాడు, ఆయనను పిలిపించిన నేను కుటుంబంతో సహా సామాను సర్దుకోవలసి వస్తుంది.

అంజి తెలుగులో గొణిగాడు. “చెప్పురా. సంపుత అన్నడని చెప్పు. మీ నాయిన ఎన్నేండ్లాయెరా లోపట? దేవుడే నీ చేతికిచ్చిండు.” ఆ గదిలో ఆ మాటలు అర్థమైనది మా నలుగురికే. బావ తల వంచుకుని విన్నాడు. కాదనలేదు, బతిమాలలేదు.

“అతను నిన్ను బెదిరించాడా?” అధికారి ఉర్దూలో అడిగాడు.

తిరుమల్ తాళంకప్పను చూశాడు. బావ చేతులను చూశాడు. అంజి ఊపిరి నాకు వినబడుతోంది.

“హాథ్ కమర్ పే గయా” అన్నాడు చివరికి. “మై డర్ గయా సాబ్. కుఛ్ బోలా నై. కుఛ్ నికాలా నై. ఫిర్ ఖుద్ దోనో హాథ్ టేబుల్ పే రఖా.” కొంచెం ఆగి, “బస్. ఇత్‌నాయిచ్ దేఖా” అన్నాడు. చేయి నడుముకు పోయింది, తాను భయపడ్డాడు, ఆయన ఏమీ అనలేదు, ఏమీ తీయలేదు, తనంతట తనే రెండు చేతులూ బల్ల మీద పెట్టాడు, తాను చూసింది అంతే.

“ఇతను నీకు ఏమవుతాడు?”

“మా ఊరాయన” అని తెలుగులో అని, మళ్ళీ హిందీలో చెప్పాడు.

అధికారి తేలికపడ్డట్టు కుర్చీలో వెనక్కి వాలాడు. బావను చూసి, చెప్పేదేమైనా ఉందా అని అడిగాడు. లేదంటే అంతటితో అయిపోయేది. బావ నా వైపు తిరిగాడు.

“బావా, నేను తెలుగుల చెప్త. నా హిందీల తప్పులు పోతయి. నువ్వు సాఫ్‌గ చెప్పు. పోరడు చెప్పింది అంత నిజమే. కాని ఒకటి మిగిలింది. తాళమని నాకు ఎరుకే గని, నా చేతికి ఎరుక లేకుండె. చెయ్యి సామాను కోసమే పోయింది. వాని ఎనుక పోరగాళ్ళు బంతి ఆడుతున్నరు. నేను ఎనుక చూడలే. ఆరేండ్లల మొదటిసారి ఎనుక చూడలే. గది గూడ చెప్పు.”

అధికారి నా ముఖంలోకి చూస్తున్నాడు. ఒక వాక్యం రాలిపోతే ఆ గదిలో అడిగేవారు లేరు. ఎక్కడ కొట్టేయాలో, కొట్టేసిన చోటు అతుకు కనబడకుండా మిగిలినదాన్ని ఎలా కలపాలో నాకంటె బాగా తెలిసినవారు ఆ చుట్టుపక్కల ఎవరూ ఉండరు. సునంద ఇంట్లో ఫోను చేత్తో పట్టుకుని కూర్చుని ఉంటుంది.

నేను అంతా చెప్పాను. ఆయన ఆగిన చోట ఆగాను.

“నిజంగా అది ఉండి ఉంటే తీసేవాడా?” అధికారి అడిగాడు.

బావ ఆలోచించాడు. “తెల్వది. చెయ్యి అంత దూరం పోయినంక నాకు తెలిసి ఏం లాభం?”

దాన్ని కూడా చెప్పాను. అధికారి లేచి వెళ్ళి అరబ్బీలో ఎవరితోనో ఫోనులో మాట్లాడి వచ్చాడు. బావ పాసుపోర్టు నకలు, నా గుర్తింపు కార్డు నకలు తీయించాడు. ఒర తన దగ్గరే ఉంటుందని, ఈయన తిరుగు ప్రయాణం దాకా ఇంటి పట్టున ఉంటే మంచిదని, ఇంకోసారి ఇలాంటిది వింటే తాను ఇలా మాట్లాడనని చెప్పాడు. తాళంకప్పను మాత్రం బావ వైపు జరిపాడు. బావ దాన్ని తీసుకోలేదు. నేను తీసి స్వెట్టరు జేబులో వేసుకున్నాను.

బయటికి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. క్యాంపుల బస్సులు వరుసగా నిలబడి ఉన్నాయి. అంజి మా వైపు చూడకుండా వెళ్ళి ఒక బస్సు మెట్టెక్కాడు. బావ రెండడుగులకోసారి కుడిపక్కకు తూలినట్టు నడుస్తున్నాడు. తిరుమల్ వెనకాలే వచ్చాడు.

“తిరుమల్...” బావ ఏదో అనబోయాడు.

“నీ మీద పావురంతోని, ప్రేమతోని చెప్పలే” తిరుమల్ కటువుగా అన్నాడు. “నేనడిగింది అట్లనే ఉంది.”

ఫోను తీసి నంబరు నొక్కి, స్పీకరు పెట్టి బావ చేతిలో ఉంచాడు. అవతల టీవీ చప్పుడు వినిపించి ఆగిపోయింది.

“కొడుకా, దుబాయ్‌ల అన్నం తిన్నవా?”

“వదినె, నేను జలంధర్‌ను.”

తెగిపోయిందేమోనని బావ తెర వైపు చూశాడు. తెగలేదు.

“చెప్పు జలంధరూ” అంది భూమవ్వ. “కొట్టిండా?”

తిరుమల్ బస్సుల వైపు చూస్తున్నాడు.

“కొట్టిండు వదినె. నా కండ్లతోని చూసిన. ఒకటే దెబ్బ.”

తిరుమల్ మెడ మీద ఒక నరం కదిలింది. ఇక అతను అక్కడ ఉండడనుకున్నాను.

“కోర్టుల గంతవరకే అడిగిండ్రు” బావ అన్నాడు. “కొట్టినంక ఏం చేసిండో ఎవ్వలు అడగలే. అడగంది చెప్పొద్దని వకీలు అన్నడు. గొడ్డలి పారేసిండు. రుమాలు తీసి ఓదెలు తలకు కట్టిండు. రెండు చేతులతోని ఒత్తి పట్టుకున్నడు. ఓదెలూ, ఓదెలూ అని పిలిచిండు. నన్ను చూసి, తమ్మీ ఉరుకు, నీళ్ళు తే అన్నడు.”

“తెచ్చినవా?”

“తెచ్చిన వదినె. మోటరు కాడికి ఉరికి చెంబుల తెచ్చిన. తాగలే.”

బస్సు హారను కొట్టింది. మెట్టు మీదనుంచి అంజి “యల్లా, యల్లా” అని అరుస్తున్నాడు. తిరుమల్ వినలేదు. రోడ్డు అంచున ఉన్న సిమెంటు దిమ్మె మీద నెమ్మదిగా కూర్చుని, పని బూట్లను చూసుకుంటున్నాడు.

ఫోనులోనుంచి భూమవ్వ మళ్ళీ అడిగింది. ఈసారి గొంతు వేరుగా ఉంది. సంతలో బేరమాడే మనిషి గొంతులా, చిన్న సంగతి పట్టుకున్న గొంతులా.

“ఏ రుమాలు జలంధరూ? గళ్ళదా?”

“గళ్ళదే వదినె. పచ్చ గళ్ళది.”

“ఇల్లంత లెంకిన, మూల మూల ఎతికిన” అంది ఆమె. “అప్పటిసంది లెంకుతనే ఉన్న.”

బస్సు తలుపు మూసుకుని కదిలిపోయింది. బావ ఫోనును రెండు చేతులతో పట్టుకుని, జనంలో, ఏ గోడకూ ఆనకుండా, ఆమె ఇంకేం అడుగుతుందోనని నిలబడి ఉన్నాడు.